నూటికి నాలుగు

నీరు పల్లమెరుగు అంటారు.
ద్రాక్షపళ్ళూ ఎరుగును,
పెట్టెలకెత్తి, పట్టీలు బిగించి,
టన్ను బరువున నిలబెడితే.

వల్పరైసో రేవు వెనక, సున్నా డిగ్రీల గిడ్డంగిలో
నా ర్యాకులకు మోటార్లు లేవు.
ఈ చివర ఎక్కిస్తే ఆ చివరకు
తమంతట తామే వచ్చేస్తాయి బరువులు,
రోలర్ల మీద, నూటికి నాలుగు పాళ్ళ వాలులో.
కంటికి ఆనదు ఆ వాలు.
కంటికి ఆననిదే కదా కాలు విరగ్గొట్టేది.

నడుమ నడుమ బ్రేకు రోలర్లు.
తొందరపడే ప్యాలెట్‌ను
"ఆగాగు, నీ ఓడ ఎక్కడికీ పోదు" అని
నిమ్మళిస్తాయి.
పద్దెనిమిదేళ్ళుగా వాటి గొణుగుడు వింటున్నాను.
ఏది గొంతు మార్చినా తెలుస్తుంది,
ఏది మాటాడకపోయినా.

మంగళవారం, ఏడో వరసలో
ఒకటి సగం దారిలో నిలిచిపోయింది.
ముందంతా ఖాళీ. వెనక నాలుగు,
ఒకదాని వీపున ఒకటి ఆనుకుని,
బడిగంట కోసం చూసే పిల్లల్లా.

లౌతారో అప్పటికే చేతి తొడుగులు బిగించాడు.
పందొమ్మిదేళ్ళు.
"లోపలికెళ్ళి ఒక్క తాపు తన్నితే చాలు, దోన్యా యాస్నా."
వాడి మాట అబద్ధం కాదు.
ఒక్క తాపే చాలు.
ఆ తర్వాత అయిదు టన్నులకూ
అది ఎవరి కాలో అక్కర్లేదు.

రెండు చివరలా గొలుసు వేశాను. ఎర్ర చీటీ.
కింది వైపు మనిషన్నవాడు లేకుండా పంపేశాను.
పక్క నడవాలోంచి, నడుముకు తాడుతో,
ఆగినదాని ముందొక ఇనుప అడ్డు దించాను,
వెనకవాటి ముందు మరొకటి.
ఆ తర్వాతే పొడుగు కొక్కెం పట్టాను.

గంటా నలభై నిమిషాలు.
దోన్ ఎవారిస్తో గడియారాన్ని చూసి, నన్ను చూసి,
మళ్ళీ గడియారాన్నే చూశాడు.
రేవులో ఓడ కూత వేసింది.

దొరికింది. పెట్టెలకు చుట్టిన ప్లాస్టిక్ పొర,
దాని కొస, జానెడు,
రోలరు ఇరుసుకు పేనుకుపోయింది.
లౌతారో అరచేతిలో పెట్టాను.
ఉఫ్ అంటే ఎగిరిపోయేంత.
వాడు ఊదలేదు. జేబులో పెట్టుకున్నాడు.

అడ్డు తీశాక కదిలిందది,
ఏమీ ఎరగనట్టు, అడుగులో అడుగు వేసుకుంటూ.
నివేదికలో జాప్యానికి గడి ఉంది, నింపాను.
జరగనిదానికి గడి లేదు.

సాయంత్రం కొండ మెట్లెక్కుతుంటే
సంచి చిరిగి ఒక నిమ్మకాయ
జారిపోయింది, మెట్టు మెట్టుకూ ఎగిరిపడుతూ.
కింద ఎవరి పాపో, చెప్పులు లేని కాలు చాచి
టక్కున ఆపేసి,
పైకి చూసి నవ్వింది.

నిమ్మకాయే.
అయినా నా నోట కేక
అప్పటికే బయటికొచ్చేసింది.