రబ్బరు పొట్టు

లీవార్డెన్ ఊరి చివర, సముద్రాన్ని ఆపే గడ్డికట్టకు ఇవతల
మా ఆసుపత్రి. కిటికీలు పెద్దవి, తెరుచుకోవు.
పంతొమ్మిదేళ్ళుగా నా పని
బల్ల మీద కాగితం పెట్టడం, పెన్సిలు అందించడం,
ఎదురుగా కూర్చుని గడియారం చూడటం.

ఇవాళ వీబ్రెన్.
పదకొండు మంది వితంతువులకు
ఎన్నడూ నీళ్ళు తాకని పడవ ఇళ్ళు అమ్మినవాడు.
వాళ్ళలో ఒకామె, ట్యెట్స్కే, కోర్టులో
డబ్బు ఊసే ఎత్తలేదట.
"మా ఆయన టోపీ పెట్టుకున్నాడు,
సరిగ్గా సరిపోయింది" అని మాత్రం అందిట.

ప్రశ్నల కాగితం నిన్ననే నింపాడు.
నేనంటే నాకు ఇష్టం: పూర్తిగా నిజం.
రాత్రిళ్ళు బాగా నిద్రపడుతుంది: పూర్తిగా నిజం.
ఎదుటివాళ్ళ బాధ నాకు తెలుస్తుంది, అన్నచోట
తలెత్తి
"తెలియకపోతే పనెలా జరుగుతుందండీ" అని నవ్వాడు.
గదిలో హీటరు ఒక గీత పెంచినట్టయింది.
నేనూ నవ్వాను.
అది రాసుకోలేదు.

ఇల్లు గీయమన్నాను.
గీశాడు. ఇటుక ఇటుకా లెక్కపెట్టినట్టు.
కిటికీకి సగం పరదా, గోడకి ఆనించిన సైకిలు,
పొగగొట్టంలోంచి పొగ, గాలి ఎటు వీస్తోందో తెలిసేంత ఒంపుగా.
మనిషి లేడు.
"మీరెక్కడ?" అన్నాను.
"చూస్తున్నవాణ్ణి నేనే కదా" అన్నాడు
ఆలోచించకుండా,
ఆలోచించినంత అందంగా.

అతను వెళ్ళాక కాగితం ఎత్తితే
బల్ల మీద రబ్బరు పొట్టు.
ఎప్పుడు చెరిపాడో!
గడియారం చూస్తున్నదాన్ని నేనే,
నాలుగు నిమిషాలకి లెక్క లేదు నా దగ్గర.

వెలుతురుకి వాల్చి పట్టుకున్నాను.
సీసం పోయింది, గాడి పోలేదు.
నిజం చెప్పొద్దూ, ఒక పిల్లవాడు కనిపిస్తాడనుకున్నాను,
మూలన ముడుచుకుని, దెబ్బలు తిన్నవాడు.
చదువు అలా అలవాటు చేసింది నన్ను,
ప్రతి తోడేలు కడుపులోనూ
ఒక మేకపిల్ల ఇంకా బతికే ఉంటుందని.

తలుపు ముందు నిలువెత్తు మనిషి.
మనకు వీపు పెట్టి,
చేతిలో సంచి, తట్టడానికి ఎత్తిన పిడికిలి.
మొహం కనపడదు. ఒక చెంప మాత్రం
పక్కకి ఉబ్బి ఉంది.
మూసిన తలుపుకి కూడా నవ్వుతున్నాడు.
అన్ని ఇటుకలు లెక్కపెట్టినవాడు
ఆ తలుపుకి పిడి పెట్టలేదు.

తనకి కూడా చెప్పకుండా దాచుకున్నది ఇదేనా,
తన ఇంటికే సరుకు అమ్మవచ్చి
బయటే నిలబడిపోయినవాణ్ణి?
ఏమో. గాడిలో నా కళ్ళకి కావలసిందే
నాకు కనిపించి ఉండొచ్చు.

జాలి వేసింది.
దాన్ని నమ్మలేదు.
ట్యెట్స్కేకి కూడా మొదట అదే వేసి ఉంటుంది,
వానలో తడుస్తూ గుమ్మంలో నిలబడితే
కొక్కేనికున్న టోపీ తీసి ఇచ్చి ఉంటుంది.

రిపోర్టులో రాశాను:
ఇల్లు. మనిషి లేడు. చెరిపిన గుర్తులున్నాయి.

పొద్దున వరండాలో ఎదురయ్యాడు, కాపలావాడి పక్కన,
పెళ్ళికి వచ్చిన చుట్టంలా.
"ఫోకె కాలు ఎలా ఉంది? కట్టు విప్పేశారా?"
"తగ్గింది, పరిగెడుతున్నాడు" అన్నాను సంతోషంగా.

మెట్లు సగం ఎక్కాక ఆగాను.
మా కుక్క పేరు
అతనికి నేనెప్పుడు చెప్పాను?