అక్షరానికి ఇంత

మా షిరాక్ మైదానంలో రాయి గులాబీ రంగు.
తడిస్తే నల్లబడుతుంది, ఆరితే మళ్ళీ సిగ్గుపడుతుంది.
భూమి కదిలిన ఆ డిసెంబరు తర్వాత
రెండేళ్ళ పాటు
రంగు చూసే తీరిక నాకు లేదు.
పేర్లు చెక్కాను.
అక్షరానికి ఇంత అని వెల.

అందుకేనేమో, ఏడు గజాల పొడవున
నా కొట్టం గుమ్మం దాకా వచ్చిన వివరణలు
లోపల అడుగుపెట్టేసరికి జానెడయ్యేవి.

పండిన పండునే తోటమాలి ముందు తెంపుతాడు,
అలా చెక్కు, అన్నారు ఫాదర్ యెగిషే.
పండంటారేమిటి ఫాదర్,
ఆ పిల్లకి పాలపళ్ళే ఇంకా ఊడలేదు, అన్నాను.
ఆయన చాలాసేపు నా ఉలి వైపు చూశారు.
ఆ వాక్యాన్ని మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.
పాపం, ఆయన వదిన పేరు కూడా నేనే చెక్కాను.

నుదుటిరాత, అంది వర్తెని అవ్వ.
ఆ రాసేవాడు అక్షరానికి ఎంత తీసుకుంటాడో
కనుక్కుని చెప్పవ్వా, అన్నాను.
నవ్వింది. నవ్వినందుకు ఏడ్చింది.

ఆర్తవాజ్ద్ మాస్టారు రోజూ వచ్చేవాడు, టీ కోసం.
చెడు అనేదొక వస్తువు కాదోయ్,
మంచి లేకపోవడమే చెడు,
వెలుగు లేనిచోటు చీకటైనట్టు, అనేవాడు.
నేనూ లేమినే అమ్ముతాను మాస్టారూ.
అక్షరమంటే రాయి లేని చోటు.
వేలు పెట్టి చూడండి,
గరుకుగా తగలడం లేదూ?

యెరెవాన్ నుంచి వచ్చిన ఇంజనీరు
అడుగున రెండు పలకలు ఒరుసుకున్నాయన్నాడు.
నిజమే అయ్యుంటుంది.
నిజాలన్నీ సమాధిరాయి మీద ఇమడవు.

మార్చిలో సాతెనిక్ వచ్చింది.
దేవదూత వద్దంది. శిలువ వద్దంది.
"మా నువార్ద్‌ది ఎడమచేతి వాటం.
బడిలో కొట్టి కొట్టి కుడిచేతికి మార్పించారు.
నేనూ కొట్టాను.
ఎందుకు పోయిందో నాకు వద్దు,
ఎలా ఉండేదో రాయి."

ఆ బడి.

దాని గోడలు లేచిన ఏడు నేను సిమెంటు లారీ నడిపాను.
లోడుకి రెండు బస్తాలు దారిలో దించేవాణ్ణి.
అందరూ దించేవాళ్ళు.
నేను దించిన చోట మా పిల్లకి చలికాలపు బూట్లు వచ్చాయి,
లోపల గొర్రెబొచ్చు ఉన్నవి.
దేవుణ్ణి బోనెక్కించిన ప్రతివాడూ
నా బల్ల దగ్గరే, నా టీ తాగుతూ వాదించాడు.
సాక్షిని ఎవరూ పిలవలేదు.

రెండు బస్తాలు భూమిని కదిలించలేదు.
కదిలినప్పుడు అక్కడ లేవు, అంతే.
ఈ "అంతే" మీద తల పెట్టుకుని
ఎన్ని రాత్రులు పడుకున్నానో.
మాస్టారు చెప్పిన లేమి
ఇదే కాబోలు.
బస్తా ఒక్కింటికి యాభై కిలోలు తూగుతుంది.

ఆ రాయి మీద పని మొదలుపెట్టిన రోజు
ఉలి కుడిచేతికీ సుత్తి ఎడమచేతికీ మార్చాను.
మొదటి రోజు నా బొటనవేలే పగిలింది.
మూడు వారాలు పట్టింది,
ఒక పేరుకీ రెండు మాటలకీ.
నువార్ద్. ఎడమచేతి వాటం.
వంకర అక్షరాలు, కొత్తగా నడిచే దూడల్లా.

సాతెనిక్ వేలితో తడిమింది.
రెండోసారి తడిమింది.
అక్షరాలు లెక్కపెట్టి, కొంగుముడి కాదు,
కోటు జేబులోంచి మగవాడి పర్సు తీసింది.
భర్తదై ఉంటుంది.

డబ్బు వద్దన్నాను.

"ఎందుకు?" అంది.

రెండేళ్ళుగా అందరూ పైకి చూసి అడిగిన మాట,
మొదటిసారి నా ముఖంలోకి చూసి ఒకరు అడిగారు.

బల్ల మీది రాతిపొడి తుడిచాను.
కూర్చోమన్నాను.