తీరం మీద తొమ్మిది గంటలు

గవర్నర్‌పేటలో, మెట్ల కింద మా ఆఫీసు.
పక్కన జిరాక్సు షాపు, ఎదురుగా చెరుకు బండి గజ్జెలు.
గోడ మీది ప్రపంచ పటంలో
బ్రెజిల్ సగం బీరువా వెనక్కి పోయింది.

పదిహేడేళ్లుగా ఊళ్లు అమ్ముతున్నాను.
నేను చూసిన సముద్రం మంగినపూడిదొక్కటే,
అదీ ఒక కార్తీకంలో, మోకాళ్ల దాకా.

ఈసారి కాలేజీ పిల్లలు ఇరవై రెండు మంది,
చదువుల ఓడెక్కి శాంతోస్ రేవులో దిగుతారు.
ఉదయం ఏడింటికి ఓడ ఆగుతుంది,
సాయంత్రం నాలుగింటికి నిచ్చెన పైకి లాగేస్తారు.
మధ్యలో తొమ్మిది గంటలూ నావి.

దొండకాయలు తరిగినట్టు తరిగాను వాటిని
గళ్ల కాగితం మీద.
కాఫీ వేలం వేసిన పాత భవనం, యాభై నిమిషాలు.
పట్టాల మీద పాత ట్రాము, నలభై.
పక్కకి ఒరిగిన అపార్టుమెంట్లు
బస్సులోంచే చూడాలి, దిగకూడదు.
అన్నం, నల్ల చిక్కుడు గింజల కూర
(మాంసం తినని వాళ్లు ముందే చెప్పాలి).
ఆఖర్న సాంస్కృతిక కార్యక్రమం: డప్పులు, నాట్యం, ఫొటోలు.

ఆ రోజు నా చేతి గడియారాన్ని
ఎనిమిదిన్నర గంటలు వెనక్కి తిప్పుకున్నాను.
వాళ్లు కాఫీ వాసన చూసే వేళ
నేను చెరుకురసం తాగాను, ఐసు లేకుండా.
వాళ్ల ట్రాము కదిలేసరికి
ఏలూరు రోడ్డు మొత్తం ఆగిపోయి హారన్లు కొడుతోంది.
వాళ్ల మధ్యాహ్న భోజనానికి నేనూ క్యారియరు విప్పాను:
పెరుగన్నం, ఒక మాగాయ టెంక.
చలమయ్య గారు షట్టరు సగం దించి
"ఓడ నువ్వు నడుపుతున్నావా ఏంటమ్మా" అని వెళ్లిపోయారు.

పదకొండున్నరకి ఫోను. ఇమ్మానుయేలు మాస్టారు.
"ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఇరవై ఒకటే వస్తోంది మేడం."

వహీదా.
తారాపేట పిల్ల. వాళ్ల నాన్న ఆటోనగర్‌లో
లారీలకి రెగ్జిన్ సీట్లు కుడతాడు.
ఆయన కట్టిన అడ్వాన్సు నోట్లకి జిగురు వాసన.

నేను రాసిన కాగితాన్నే మళ్లీ మళ్లీ చదివాను.
తప్పిపోవడానికి అందులో ఎక్కడా సందు లేదు.

పన్నెండూ ఇరవైకి ఆ పిల్లే చేసింది.
ఆయాసం. వెనకాల ఓడ కూత.
"డప్పులు చూస్తూ చూస్తూ అటు నడిచా మేడం.
ఒక ముసలాయన వల బాగుచేసుకుంటున్నాడు.
మాట తెలీదు. మీదేవూరన్నట్టు చెయ్యి తిప్పాడు.
ఇసకలో కృష్ణ గీశా. అడ్డంగా బ్యారేజీ గీశా.
గేట్లు ఒక్కోటీ పెడుతుంటే
ఆయన కూడా వాళ్ల భాషలో లెక్కపెట్టాడు.
నలభై మూడో దాని దగ్గర అలొచ్చి తుడిచేసింది.
మళ్లీ మొదలెట్టాం."

ఎన్ని తిట్లు పోగేసుకున్నానో ఆ యాభై నిమిషాలూ.
"అన్నం తిన్నావా" అన్నాను.

ఇల్లు సీతానగరం.
ఆ అర్ధరాత్రి స్కూటీ మీద బ్యారేజీ ఎక్కాను.
రోజూ రెండుసార్లు దాటుతాను. గేట్లు డెబ్బై అని
చిన్నప్పుడు పరీక్షలో రాసి మార్కు తెచ్చుకున్నాను,
చూసి కాదు.
బండి నెమ్మది చేసి ఒకటీ, రెండూ అనుకుంటూ
పదకొండు దాకా వచ్చానేమో,
కానిస్టేబులు టార్చి వేసి
"ఏం పారేసుకున్నారమ్మా" అన్నాడు.
నీళ్ల మీంచి చల్లగా నాచు వాసన.
ఏం చెప్పాలో తెలీక మళ్లీ ఒకటి నుంచి.

వచ్చే ఏడాది బ్యాచికి కొత్త కాగితం రాశాను.
ట్రాము ఉంది, కాఫీ ఉంది.
రెండు నుంచి మూడున్నర దాకా గడి ఖాళీ.

చలమయ్య గారు కళ్లజోడు నుదుటి మీదికి తోసి,
వేలు ఆ గడిలో పెట్టి అడిగారు,
"దీనికి రేటెంత వెయ్యమంటావు?"