గాజు తలుపు మీద పిల్లి

సలైనా ఊళ్ళో, రైలు పట్టాల ఇవతల
బట్టలుతికే దుకాణం.
పద్నాలుగు యంత్రాలు. మూడు పనిచేయవు.
నేను వచ్చింది ఉతుక్కోడానికి కాదు,
టేపు పట్టుకుని తలుపు కొలవడానికి.

ఫైల్లో మనిషి పేరు లీలండ్ ప్రూయిట్.
అరవై మూడేళ్ళు. గోధుమ గోదాముల్లో తూకం పని చేసి రిటైరయ్యాడు.
నెలకి ఇరవై రెండు డాలర్లు కట్టాడు మా కంపెనీకి.
ప్రాణం మీదికొచ్చి పేల్చాల్సి వస్తే
లాయరు ఖర్చు మాది, బెయిలు మాది,
దెబ్బతిన్నవాడు దావా వేస్తే ఆ బరువూ మాదే
అంటుంది మొదటి పేజీ.
పదకొండో పేజీ గొంతు మారుస్తుంది:
తుపాకీ తేవద్దని రాసిపెట్టిన చోటైతే
పైన అన్నవేవీ అన్నట్టు కాదు.

ఇస్తానన్నది గుమ్మడికాయంత అక్షరంలో,
ఇవ్వనన్నది చీమకాలంత.
ఆ చీమకాళ్ళు చదివినందుకే నాకు జీతం.

ఫిబ్రవరిలో ఒక రాత్రి, పదకొండు దాటాక
చిల్లర యంత్రం కోసం కత్తితో ఒక కుర్రాడు.
ఆస్పత్రి యూనిఫాంలు మడతపెడుతూ మారిసోల్ అనే ఆవిడ.
కత్తి ఆవిడ వైపు తిరిగింది.
లీలండ్ ఒక్కసారే పేల్చాడు. కుర్రాడి మోకాలు.
డ్రయర్ మాత్రం ఆగలేదట,
ఇంకో పదహారు నిమిషాలు తిరుగుతూనే ఉందట.
మారిసోల్ నాకు మొదట చెప్పింది ఆ మాటే.

మా ఫారంలో ఆవిడ బతికిందా అన్న గడి లేదు.
స్టిక్కరు కనబడిందా అన్న గడి ఉంది.

మా నాయనమ్మ ఒక కథ చెప్పేది,
ఇంట్లోనూ కాదు, బయటా కాదు,
గడప మీద తీరిన లెక్క.
ఆయుధం కూడా కాదు, వట్టి గోళ్ళు.
ఎంత పకడ్బందీగా రాయించుకున్న వరానికైనా
ఎక్కడో ఒక గడప మిగిలిపోతుందని
ఆవిడకి ఏ కంపెనీ చెప్పింది?

ఇదిగో స్టిక్కరు: ఆరంగుళాల చదరం,
ఎర్ర సున్నా, తుపాకీ మీద అడ్డగీత.
దాని మీద, సగానికి పైగా కప్పేస్తూ, ఓ కాగితం.
పిల్లి తప్పిపోయింది. పేరు పికిల్. బూడిద రంగు.
ఎడమ చెవి చీలి ఉంటుంది. పిలిస్తే పలకదు.

గుండె తేలికపడింది, దాచను.
హెచ్చరిక సరిగా కనబడని చోట
నిషేధం లెక్కలోకి రాదని పన్నెండో పేజీ.
పిలిస్తే పలకని ఒక పిల్లి
ముసలాయన ఇల్లు వేలం కాకుండా ఆపబోతోంది.
ఫొటో తీశాను, అంగుళాలు రాసుకున్నాను,
అప్పుడు చదివాను కింద ఫోన్ నంబరు.
అది నా ఫైల్లో ఉన్నదే.

కారులోంచి ఫోన్ చేశాను.
"ఆ మూల లైటు బాగా పడుతుంది," అన్నాడు,
"దాని మొహం తెలుస్తుందని."
స్టిక్కరు?
"ఉంది. దాని మీదే అంటించాను. చూళ్ళేదని ఎలా అంటాను?"
కాసేపు ఏమీ లేదు. ఆయన వెనకాల ఫ్రిజ్ చప్పుడు.
తర్వాత నేనడగని మాట ఒకటి చెప్పాడు:
ఆ రాత్రి అక్కడికి వెళ్ళింది బట్టల కోసం కాదట,
కాగితం ఊడిపోయిందేమో చూసి రావడానికట.

పిల్లి దొరికిందా అని అడగలేదు.
ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది.

ల్యాప్‌టాప్ ఒళ్ళో ఉంది. గడి ఖాళీగా ఉంది.
విచిటాలో గ్రెచెన్ అయిదింటిలోగా పంపమంది.
కాన్సస్ గాలి, దానికి తీరిక ఎక్కువ,
కాగితం కింది అంచు ఎత్తుతోంది:
ఎర్ర సున్నా.
వదిలేస్తోంది: పిల్లి.
మళ్ళీ ఎత్తుతోంది.
కొలత ఏ క్షణంలో తీసుకోవాలో
నలభై పేజీల్లో
ఎక్కడా రాయలేదు.