అడుగు

కూబర్ పీడీలో మా గుడి నేల కింద.
రాతిలో తొలిచిన గది, కిటికీ ఒక్కటీ లేదు.
పైన నలభై ఆరు డిగ్రీలు కాలుతున్నా
లోపల కుండలో నీళ్లంత చలవ.

అక్కడ కూర్చుని ఆయనతో
పక్కింటి మనిషితో అన్నట్టే అనేదాన్ని:
ప్రభువా, నైట్ డ్యూటీలు తగ్గించు,
వీసా సంగతి చూడు,
ఈ మోకాలి నొప్పి చూడు.

నిన్న ఆరాధన మధ్యలో కరెంటు పోయింది.
గోడ తడుముకుంటూ మెట్లెక్కాను.
వేళ్లకి గునపం గాట్లు తగులుతున్నాయి.
ముప్పై ఏళ్లు ఓపల్ కోసం తవ్విన జోరాన్ తాత
వెనకనుంచి అన్నాడు:
"అడుగు ఉందనుకునే తవ్వాను. లేదు."

బయటికొచ్చాను.
ఊళ్లో ఒక్క దీపం లేదు.
పైన
అన్నీ వెలుగుతున్నాయి.

ఆ చేతినా నేను
మోకాలు నిమరమన్నది?

ఇక్కడి గుళ్లో ఎవరూ చెప్పులు విడవరు.
నేనూ మానేసి మూడేళ్లు.
కారు పక్కన, ఎర్రమట్టిలో, ఒంగి
బూట్ల లేసులు విప్పాను.
పగటి ఎండ ఇంకా దిగని నేల,
అరికాళ్లు చురుక్కుమన్నాయి.
మోకాలు కలుక్కుమంది.
చెప్పలేదు.

జోరాన్ తాత టార్చి వెలిగించబోయి
ఆగిపోయాడు.