పుట్ట కింద వంట

సెరెంజే దాటాక తారు రోడ్డు పక్కన
కసూబ గొడుగు వేసుకుని నిలబడింది.
వాన వెలిసి అప్పటికే గంటయింది.
బండి ఆపి దగ్గరికెళ్తే
అది గొడుగు కాదు,
అమ్మకానికి పెట్టిన కూర.

కాడ పట్టి పైకెత్తింది.
ఆమె భుజాలు రెండూ దాని నీడలో పట్టాయి.
యాభై క్వాచా అంది.
బేరమాడే ధైర్యం రాలేదు.
పుట్టగొడుగు, పుట్టగొడుగు అని
నోరు తిరిగిన నాటి నుంచీ అంటున్నాను గానీ
పుట్టనూ గొడుగునూ ఒక్కచోట చూడడం
ఇదిగో, ఇవాళే. జాంబియాలో.

రోడ్డు వెడల్పు చేసే యంత్రం
ఒక పుట్టను సగానికి కోసి వదిలేసింది.
మనవడు బేసా నన్ను చెయ్యి పట్టి లాక్కెళ్లాడు.
లోపల కాలిన రొట్టె రంగు గూళ్లు,
వాటి మీద ఆవగింజలంత తెల్లటి పూసలు.
చెదలు ఎండుకట్టె నమిలి తెచ్చి ఇక్కడ పరుస్తాయి.
కట్టె వాటికి ఒంటరిగా అరగదు.
అరిగించిపెట్టేది ఈ బూజు.

నోరు లేదు, పొట్ట లేదు.
మనం తిని అరిగించుకుంటాం,
అది అరిగించుకుని తింటుంది.
తన రసాలు బయటికే వదిలి
కరిగినదాన్ని సన్నని దారాలతో పీల్చుకుంటుంది.
ఆకుపచ్చదనం లేదు, ఎండను వండుకోవడం రాదు.
చాలాకాలం మొక్కల్లో కలిపి లెక్కేశారు,
చుట్టరికం మాత్రం మనవైపే దగ్గరట.
దాని గోడల్లో ఉన్న సరుకే
చెదపురుగు పెంకులోనూ ఉంది.

ముటోండో చెట్టు మొదట్లో బేసా మట్టి గీకాడు.
వేళ్ల కొసలకు తెల్లటి మేజోళ్లు.
ఇది వేరే బూజు, వేరే వ్యాపారం:
చెట్టు చక్కెర ఇస్తుంది,
అది మట్టిలోంచి భాస్వరం తెచ్చిస్తుంది.
పద్దు ఎవరు రాస్తారో బేసాకీ తెలియదు.

అవతలి గుడిసె ముందు బొగ్గు బస్తాలు.
కసూబ మరిది చిలేక్వవి.
"బస్తా నూటయాభై," అంది ఆమె, అడక్కుండానే.
ఆ తర్వాత కాసేపాగి,
"బొగ్గును బూజు కూడా ముట్టదు."
అది పొగడ్తో తిట్టో తేల్చుకోలేకపోయాను.

వేరుశనగ పొడితో ఎలా వండాలో
రెండుసార్లు చెప్పి, మూడోసారి నాతో చెప్పించింది.

రాత్రి ఎంపీకాలో బండి తలుపు తీస్తే
వెనక సీటు నిండా లేత గులాబీ పొడి.
లక్షలో, కోట్లో.
ఒక్క చెదపురుగైనా లేని సీటు మీద
అంత విత్తనం.
గుడ్డ తీశాను,
మళ్లీ జేబులో పెట్టుకుని
నాలుగు అద్దాలూ దించాను.