గొడుగుల దొర

నీ పేరేందో నాకు తెలీదు దొరా.
పేర్లు పడే టయానికి మా కేబులు దొరైరాజు
నీ బొమ్మ మింద టీపొడి అడ్వటైజుమెంటు తోసేసేవాడు.
బట్టతల, పొట్టి టై,
ఏదో రైలు స్టేషన్లో పోయిన సామాన్ల గది,
నీ ఎనకాల మూడొందల గొడుగులు.
అంతే నాకు తెలిసింది.

తొంభై నాలుగు. చిత్తూరు, గ్రీమ్స్‌పేట.
మామిడికాయల కాలం.
గుజ్జు ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు పదిన్నరకి వదిలితే
మా యమ్మ, వళ్లెమ్మక్క, చెవుడు మునస్వామి
ఎంత కడిగినా పోని పసుపు గోళ్లతో వొచ్చి
మా ముందర గదిలో గోడకి ఆనుకునేవాళ్లు.
నేను మిద్దెలెక్కి వైరు లాగే పిల్లోణ్ణి,
మాకు కనెక్షను ఊరికే.

ఇంగ్లీషు ఒగ ముక్క రాదు.
టీవీలో ఎవురో కనబడకుండా నగేవాళ్లు.
వాళ్లు నగితే మేమూ నగితిమి,
పెండ్లిలో పక్కోడి చెయ్యి చూసి
అక్షింతలు ఏసినట్టు.
మునస్వామికి ఆ నగూ ఇనబడదు.
మా నోళ్లు చూసి
ఒగ క్షణం ఆలస్యంగా నగేవాడు, ఒంటిగా, గట్టిగా.
అది ఇని మళ్లా అందరమూ.
నీ ఒక్కో జోకుకి మా ఇంట్లో
రెండు కాపులు.

ఒగ రేత్రి
కూడు తినను పోతా పోతా
నీ సొంత గొడుగు ఆ మూడొందల్లో పెట్టి పోతివి.
తిరిగొచ్చి, ఏది నీదో తెలీక
కౌంటరుకి ఇవతలికొచ్చి
ఫారం తీసి, పేరు రాసి,
బెల్లు కొట్టి
నీ కోసరం నువ్వే ఎదురు చూస్తా నిలబడితివి.

టీవీలో ఒగరూ నగలేదు.
నగే మిషనోడు బీడీకి పోయినాడేమో.
మా యమ్మ నగింది.
గోడెంబడి జారి, కొంగు నోట్లో కుక్కుకోని,
గుజ్జు చేతుల్తో కండ్లు తుడుచుకోని,
అవి భగ్గుమంటే, మండే కండ్లతోనే నగింది.
"ఏమి మే, ఏమాయె?" అనింది వళ్లెమ్మక్క.
"నిలబడుకోనుండాడు చూడే,
వాడొస్తాడని వాడే."
ఫ్యాక్టరీ ఆఫీసులో బోనసు కాగితం పట్టుకోని
మూడు తూర్లు నిలబడింది ఆమె.
అట్లాంటి బెల్లు ఆమెకి తెలుసు.

మరసటి బేస్తవారం నీ బదులు గోల్ఫు వొచ్చింది.
పచ్చిక. ఇంకా పచ్చిక.
ఒగడు నడస్తా వుండాడు, నడస్తానే వుండాడు.
మునస్వామి మా నోళ్లకల్లా చూసి చూసి
లేచి ఇంటికి పోయినాడు.

సంతపేటలో దొరైరాజు సైకిలుకి అడ్డం నిలబడింది వళ్లెమ్మక్క.
"యాడరా మా గొడుగులాయన?"
"వాళ్ల దేశంలో ఎవురికీ నచ్చలేదంటక్కా.
నాలుగు వారాలకే నిలిపేసినారంట."
"వాళ్లకి నచ్చకుంటే మాకెందుకు నిలపాల?"
"నువ్వు ఒగ రూపాయి కట్టింటివా అక్కా?"
"కట్టలేదు. నగినాను గదరా."

దానికి దొరైరాజు కాడ జవాబు లేదు.
నిన్ను ఎవురేమన్నారో, నీకు మళ్లా పని దొరికిందో,
ఆ గొడుగులన్నీ ఏ సంతలో అమ్మేసినారో
నాకూ తెలీదు.
దొరైరాజు డిష్షు మాత్రం శానా ఏండ్లు
వాళ్ల మిద్దె మింద బోర్లా పడి వుండె,
దాంట్లో వడియాలు ఎండబెడతా వుండ్రి.

మొన్న తిరుపతిలో
పీలేరు బస్సులో గొడుగు మరిచి దిగింది మా యమ్మ.
డిపోలో అడగమన్నారు.
కిటికీ వుంది, కుర్చీ వుంది, కుర్చీ మింద టవలుంది,
తిరగతా వుండే ఫ్యాను వుంది.
గుమస్తా లేడు.
ఎనక మా మాదిరే ఇంకో ఏడెనిమిది మంది.

మా యమ్మ కాసేపు చూసింది.
కౌంటరు మింద లేని బెల్లుని
అరచేత్తో ఒగ తూరి కొట్టింది.
తరవాత ఎనక్కి తిరిగి
లైన్లో ఒగొక్క మొగమే పరీక్షగా చూసి,
"ఈళ్లలో వుండాడేమో చూడు నాయనా" అనింది.

ఎవురూ నగలేదు.
నేను నగినాను,
ఒగ క్షణం ఆలస్యంగా.